తొమ్మిదేళ్లుగా ఫ్లాట్ ర్యాక్ మీద ప్రెస్సులు పంపిస్తున్నా

మాది చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గర హైడ్రాలిక్ ప్రెస్సులు, అంటే నూనె ఒత్తిడితో లోహాన్ని నొక్కే యంత్రాలు, చేసే ఫ్యాక్టరీ. నాది నాయుడుపేట, చూసేది డిస్పాచ్. నేను చేరిన 2016లోనే, జులై 1 నుంచి, కంటైనర్ నిండు బరువు తూచి ఓడకు ముందే చెప్పాలన్న రూలు ప్రపంచమంతా వచ్చింది. అందుకే బరువు దగ్గర మాకు పెద్దగా గొడవలు రాలేదు. డబ్బులు పోయిందంతా కొలతల దగ్గరే.

ఫ్లాట్ ర్యాక్ అంటే పైకప్పూ పక్క గోడలూ లేని కంటైనర్. రెండు చివర్లా మాత్రమే గోడలుంటాయి. మామూలు కంటైనర్‌లో పట్టని యంత్రాన్ని క్రేన్‌తో పైనుంచి నేరుగా దించేయొచ్చు, ఆ సుఖానికే దీన్ని వాడతాం. వెడల్పు మాత్రం అదే ఎనిమిది అడుగులు, అంటే 2.44 మీటర్లు. మొదటి ఏడాది ఒక ప్రెస్సు డ్రాయింగ్‌లో 2.40 అని ఉంది. నమ్మి బుక్ చేశాం. తీరా దించి చూస్తే ఆయిల్ పైపు ఫ్లాంజ్ (పైపు చివరి రింగులాంటి అంచు) ఒక పక్క తొమ్మిది సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చింది. డ్రాయింగ్ వేసినవాళ్లు బాడీ కొలిచారు, పైపు వదిలేశారు. ఆ పక్కన ఓడలో ఇంకో కంటైనర్ పెట్టడానికి లేదు కాబట్టి ఖాళీ గడికి కూడా డబ్బు కట్టాం. మాకు ఓడ బుక్ చేసే ఏజెంట్ ఆఫీసులో గూడూరు కుర్రాడొకడు ఉండేవాడు. ‘బస్సులో పక్క సీట్లో కాలు పెడితే దానిక్కూడా టికెట్ కొట్టాల్సిందే కద సార్’ అన్నాడు. కోపం వచ్చింది గానీ వాడన్నది నిజమే.

20 అడుగులదా, 40 అడుగులదా అన్నది ఇంకో తలనొప్పి. పెద్దదానికి బరువు ఎక్కువ రాసి ఉంటుంది కదా అని దానికే ఎగబడతారు. అంత బరువూ నడిమధ్య రెండు మీటర్ల జాగాలో మోపితే ర్యాక్ అడుగుభాగం వంగుతుంది. పొట్టిగా బరువుగా ఉండే ప్రెస్సుకు 20 అడుగులదే మేలు. తప్పదంటే కింద పొడవాటి ఇనుప బీములు వేసి బరువు పరచాలి. చెక్క దిమ్మెలైతే పురుగు చచ్చేలా వేడి చేసినట్టు ముద్ర ఉన్నవే వాడండి. ముద్ర లేని నాలుగు చెక్క ఆప్పులు పీకడానికి అర్ధరాత్రి యార్డులో సుత్తి పట్టుకున్నవాణ్ని నేను.

సముద్రం ఎంత భయపెడుతుందో అనుకుంటాం గానీ, నాకు టెన్షన్ అంతా చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లి పోర్టు గేటు దాటేవరకే. 40 అడుగుల ర్యాక్ అడుగుభాగమే రెండడుగుల మందం. దాని కింద ట్రైలర్ ఎత్తు, పైన యంత్రం. వండలూరు రింగ్ రోడ్డు పోర్టు వైపు మీంజూరు దాకా పూర్తయ్యాక ఊళ్లో దూరే బాధ తప్పింది. కానీ ఫ్యాక్టరీ నుంచి హైవే ఎక్కేవరకు రెండు కిలోమీటర్లూ తీగలే. హెల్పర్ యంత్రం పక్కన నిలబడి ప్లాస్టిక్ పైపు గుచ్చిన వెదురు కర్రతో ఒక్కో కేబుల్‌నీ ఎత్తి, వెనక్కి జారవిడుస్తాడు. ‘నిదానం అన్నా, నిదానం’ అని వాడు అరుస్తుంటే డ్రైవర్ నడక వేగం దాటడు. కరెంటు తీగ దగ్గర మాత్రం లైన్‌మన్ వచ్చేదాకా బండి కదలదు.

యంత్రాన్ని ర్యాక్‌కు కట్టడం గురించి ఒక్క మాట. ఒక్కో పక్క వేసిన చైన్లు, వైర్లు తట్టుకునే లోడు కలిపితే యంత్రం బరువుకు తగ్గకూడదన్నది మేం పాటించే లెక్క. పదునైన అంచు మీద బెల్టు వేస్తే ఎంత మంచి బెల్టైనా తెగుతుంది.

యూరప్ సరుకు మాకు చాలాసార్లు కొలంబోలో ఓడ మారుతుంది. అంటే ఇంకో రెండుసార్లు ఎత్తడం, దించడం. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రం గొడవతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలయ్యాక రెండు వారాలు అదనంగా లెక్కేసుకుంటున్నాం. అన్ని రోజులు ఉప్పుగాలి తగలాలి కాబట్టి టార్పాలిన్ ఒక్కటే చాలదు. లోపల అల్యూమినియం ఫాయిల్, తేమ పీల్చే సంచులు తప్పనిసరి.

నాకు బాగా నచ్చిన వస్తువు కుదుపు రికార్డర్, యంత్రానికి తగిలించి ఉంచితే ఏ కుదుపు ఎప్పుడు తగిలిందో రాసుకునే పరికరం. ఒకసారి హాంబర్గ్‌లో విప్పితే గేజ్ అద్దం పగిలి ఉంది. ఏజెంట్‌కు గట్టిగా మెయిల్ కొట్టాను, ఓడవాళ్లనీ కలిపి తిట్టాను. రెండు రోజులకు రికార్డర్ డేటా వచ్చింది. అన్నిటికన్నా పెద్ద కుదుపు బయల్దేరిన రోజు సాయంత్రం నాలుగుంబావుకు. ఆ టైముకు ప్రెస్సు మా షెడ్డులోనే, మా క్రేన్ కిందే ఉంది. క్షమాపణ మెయిల్ రాయడానికి గంట పట్టింది.

వెడల్పు దాటకుండా ఉన్నన్నాళ్లు ఫ్లాట్ ర్యాక్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. దాటితే రెండు. వెడల్పూ ఎత్తూ రెండూ దాటేదైతే కంటైనర్ లేకుండా విడిగా సరుకు ఎక్కించే ఓడకు కూడా ధర అడిగి చూడండి. మాకు రెండుసార్లు అదే చవకపడింది.

ఇప్పుడు పెయింట్ ఆరాక టేపు నేనే పట్టుకుంటున్నా. మొన్న శుక్రవారం వెళ్లినదానికి 2.43 వచ్చింది, అదీ ఒక గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) విప్పించాక.