చిన్న దీవులకు సాయం: కట్టడమా, మూలనిధా, బీమానా?

మన శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ పట్టణ జనాభా 2011 లెక్కల ప్రకారమే 57 వేలు దాటింది. పసిఫిక్‌లోని తువాలు దేశం మొత్తం జనాభా సుమారు 11 వేలు. సాయం చేసే ప్రతి దేశమూ తన పథకానికి వేరే ఆడిట్, వేరే నివేదిక అడిగితే అక్కడున్న కొద్దిమంది అధికారులకు పాలించే తీరిక ఎక్కడిది? అందుకే ఎంత ఇచ్చారన్న దానికన్నా ఏ రూపంలో ఇచ్చారన్నదే నేను ముందు చూస్తాను.

కట్టడాలు దాతలకు ఇష్టం. రేవో, ఆసుపత్రో కడితే కంటికి కనిపిస్తుంది, శిలాఫలకమూ పడుతుంది. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో మన తీరాన భావనపాడులోనో బారువలోనో ఎవరినడిగినా చెబుతారు. మరమ్మతు ఖర్చు మాత్రం ఆ దేశం నెత్తినే.

మూలనిధి దారి వేరు: అసలును పెట్టుబడిగా పెట్టి, దాని మీద వచ్చే రాబడినే వాడుకోవడం. 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ తదితరుల సాయంతో తువాలు దాదాపు 2.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో ఒక నిధి పెట్టుకుంది. ధరల పెరుగుదలకు తగ్గట్టు అసలు విలువను నిలుపుకున్నాక మిగిలిందే ఖజానాకు వెళ్తుంది. పెద్ద దాతల ప్రతినిధులకూ బోర్డులో చోటుంది. ఈ కట్టుబాటు లేకపోతే ఏమవుతుందో మరో పసిఫిక్ దీవి నౌరూ చూపించింది. ఫాస్ఫేటు గనుల మీద వచ్చిన సొంత సొమ్మును లండన్‌లో సంగీత నాటకానికి కూడా తగలేసి అసలుకే ఎసరు తెచ్చుకుంది. తువాలు పద్ధతికీ లోపముంది: 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత కొన్నేళ్లు మిగులే లేదు.

ఇక బీమా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కవిటి, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో పడిపోయిన కొబ్బరిచెట్లను పరిహారం కోసం లెక్కపెట్టాల్సి వచ్చింది. లెక్క తేలేలోపు చెట్టు కోయిస్తే ఆధారం పోతుందని రైతు భయం. కోయించకపోతే తోటలో అడుగు పెట్టడానికి దారి ఉండదు. కోతకు కూలి ముందు తన జేబులోంచే పెట్టుకోవాలి. ఈ నిరీక్షణ లేకుండా, తుపానో భూకంపమో దాని తీవ్రత ముందే గీసిన గీత దాటితే చాలు డబ్బిచ్చే బీమా పసిఫిక్ దీవులకు వచ్చింది. 2015లో పామ్ తుపానుకు వనువాటుకు 19 లక్షల అమెరికా డాలర్లు త్వరగానే అందాయి. నష్టం మాత్రం దాదాపు 45 కోట్ల డాలర్లు! తొలి రోజుల ఖర్చులకు తప్ప అది దేనికి సరిపోతుంది? పైగా గీత దాటకపోతే పైసా రాదు. 2013 భూకంపానికి, 2014 వరదలకు ఏమీ రాకపోయేసరికి సాలమన్ దీవులు ఆ పథకం నుంచే తప్పుకున్నాయి.

నా ఓటు మూలనిధికే. బీమా దానికి తోడుగా ఉంటే మంచిది, దాని మీదే ఆధారపడితే కష్టం. రేవు కట్టక తప్పని చోట మరమ్మతు ఖర్చు కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. రాయనంటే ఆ కట్టడమే వద్దనాలి. అలా అనగలగాలంటే ఖజానాలో సొంత సొమ్ము ఉండాలి, అది ఏటా చేయి చాచి తెచ్చుకున్నది కాకూడదు.