తొమ్మిదిన్నర దాటాక మా వీధి రెస్టారెంట్: మూడేళ్ల అనుభవం

మా ఇండియా టీమ్‌తో కాల్ హైదరాబాద్ టైం ప్రకారం శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి. ఇక్కడ సియాటెల్‌లో వేసవిలో అది గురువారం రాత్రి 9 గంటలు. పదింటికి లాప్‌టాప్ మూసేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. ఫ్రిజ్‌లో పొద్దుటి పప్పు తప్ప ఏమీ ఉండదు. అలాంటి ఒక గురువారం మా ఆవిడా నేనూ నాలుగు బ్లాకుల అవతలున్న రెస్టారెంట్‌కి నడిచి వెళ్లాం. అక్కడ రాత్రి పొద్దుపోయాక హ్యాపీ అవర్, అంటే కొంతసేపు తిండికీ మందుకీ తగ్గింపు ధరలు. మూడేళ్లయింది, ఇప్పటికీ నెలకి రెండు మూడు సార్లు వెళ్తూనే ఉన్నాం. పేరు మాత్రం రాయను. మంచితో పాటు చెడు కూడా రాస్తున్నా, మళ్లీ వచ్చే గురువారం వాళ్ల మొహం చూడాలి కదా.

ఊరు సియాటెల్, పేట బ్యాలర్డ్. 1907 దాకా ఇది వేరే ఊరు, తర్వాత సియాటెల్‌లో కలిపేశారు. ఇప్పటికీ ఇక్కడివాళ్లు తమది సొంత ఊరన్నట్టే మాట్లాడతారు. బీరు తయారు చేసే చిన్న చిన్న షాపులు వీధికొకటి. నేను అంతకుముందు బోస్టన్‌లో ఉండేవాణ్ని. ఆ ఊరున్న మసాచుసెట్స్ రాష్ట్రంలో 1984 నుంచీ మందు మీద హ్యాపీ అవర్ నిషేధం. అక్కడ డ్రింక్‌కి పూర్తి ధర తీసుకుని, ఆయిస్టర్లు (సముద్రపు గుల్లల్లో ఉండే మెత్తటి జీవులు) చవగ్గా పెట్టి జనాన్ని లాగుతారు. కాబట్టి సాయంత్రం ఒకసారి, రాత్రి పొద్దుపోయాక ఇంకోసారి రేట్లు తగ్గించే పద్ధతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. సియాటెల్ ఉన్న ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో రాత్రి 2 దాకా మందు అమ్ముకోవచ్చు. భోజనాల రద్దీ తొమ్మిదికల్లా అయిపోతుంది. ఆ మిగిలిన టైంలో కుర్చీలు ఖాళీగా ఉండకూడదని రెండో విడత పెడతారు. మా రెస్టారెంట్‌లో అది ఆదివారం నుంచి గురువారం దాకా, రాత్రి 9:30 నుంచి మూసేదాకా.

ముందు తిండి సంగతి. హ్యాపీ అవర్ మెనూ ఒక్క కార్డు, ఎనిమిదో తొమ్మిదో ఐటమ్స్. నేను మళ్లీ మళ్లీ తెప్పించుకునేవి రెండే. ఒకటి చికెన్ వింగ్స్. మామూలు ధర 15 డాలర్లు, హ్యాపీ అవర్‌లో 9. ప్లేట్‌లో ముక్కలు తగ్గించరు, నేను లెక్కపెట్టా, ఎప్పుడూ ఏడే. రెండోది షిషిటో మిరపకాయలు, 10 డాలర్లవి 6కి. వేలెడంత ఆకుపచ్చ మిరపకాయల్ని బాగా వేడెక్కిన ఇనప పెనం మీద పడేసి, తొక్క అక్కడక్కడ నల్లగా పొక్కేదాకా కాల్చి, ఉప్పు చల్లి తెస్తారు. పదింట్లో ఒకటి కారంగా ఉంటుందంటారు. మాకు తగిలిన ఆ ఒక్కటి కూడా మన బజ్జీ మిరపకాయ ముందు పసిపిల్లే. మా ఆవిడకి గురువారం నాన్ వెజ్ నిషిద్ధం, బాబా రోజు. అందుకని ఆ ప్లేట్ మొత్తం ఆవిడదే. రెండోసారి వెళ్లినప్పుడే కౌంటర్ వెనకున్న అమ్మాయిని సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయా, రెండు నిమ్మ చెక్కలూ అడిగింది. మిరపకాయని నిలువునా చీల్చి, అందులో ఉల్లిపాయ కూరి, నిమ్మరసం పిండి నోట్లో వేసుకుంది. కాకినాడ బీచ్ రోడ్డు రుచి సగం వచ్చిందట. ఇప్పుడు మేం కూర్చోగానే ఆ అమ్మాయి ఉల్లిపాయ గిన్నె తనే తెచ్చిపెడుతుంది, దానికి బిల్లు వేయదు.

వెజిటేరియన్లకి ఒక మాట. ఫ్రైస్, కాలీఫ్లవర్ పకోడీ లాంటిదొకటి మెనూలో ఉంటాయి గానీ, వింగ్స్ వేయించే నూనెలోనే అవీ వేయిస్తారు. అడిగితే దాచకుండా చెప్పారు. అడక్కపోతే ఎవరూ చెప్పరు, కార్డు మీదా రాయరు. మొదటి ఆరు నెలలు మేమూ అడగలేదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా ఎత్తకపోవడమే మంచిది.

ఆయిస్టర్లు నాలుగు 8 డాలర్లకి ఇస్తారు. బాగుంటాయి, ఈ సముద్రంలోవే. నిమ్మకాయ పిండుకుని ఒక్క గుటకలో మింగేయాలి. మా తమ్ముడు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒకటి నోట్లో పెట్టుకుని, మిగతా మూడూ నా వైపు తోసేశాడు.

డ్రింక్స్ దగ్గరే అసలు మతలబు. డ్రాఫ్ట్ బీరు (పీపాలోంచి గ్లాసులోకి పట్టేది) మామూలుగా ఎనిమిదిన్నర డాలర్లు, హ్యాపీ అవర్‌లో 6. నేను చాలా రోజులు సంబరపడ్డా. ఒకరోజు పక్క కుర్చీలో ఆయన ముందున్న గ్లాసు నా గ్లాసు కంటే జానెడు ఎత్తుగా కనిపించింది. జానెడు అంటే కోతేలెండి, రెండు వేళ్లు. అడిగితే తెలిసింది, తగ్గింపు ధర 12 ఔన్సుల గ్లాసుకి, మామూలు ధర 16 ఔన్సుల పింట్‌కి. ఔన్సుకి లెక్కేస్తే 50 సెంట్లు, 53 సెంట్లు. అంత సంబరానికీ మిగిలింది ఔన్సుకి మూడు సెంట్లు! కార్డు కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, చదవని తప్పు నాదే. కాక్‌టెయిల్ 13ది 8కి ఇస్తారు గానీ, అందులో పోసేది కింది అరలో ఉండే చవక విస్కీ. దాదాపు అంతా విస్కీనే ఉండే ఓల్డ్ ఫ్యాషన్డ్ కాక్‌టెయిల్‌లో ఆ తేడా నాలుకకి తెలిసిపోతుంది. సోడా, నిమ్మరసం పడేవాటిలో అంతగా తెలీదు. నేనైతే ఇప్పుడు పూర్తి ధర పెట్టి ఒక పింట్ ఐపీఏ (హాప్స్ ఘాటుగా ఉండే చేదు బీరు) తీసుకుని, తిండి మాత్రం తగ్గింపు కార్డు మీద చెప్తా. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు; అమెరికాలో పండే వాటిలో సింహభాగం ఈ రాష్ట్రంలోని యాకిమా లోయదే, ఆ వాసన కోసం రెండున్నర డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

బిల్లు ఎలా పెరుగుతుందో కూడా చూడండి. వింగ్స్ 9, మిరపకాయలు 6, చిన్న బీరు 6, మొత్తం 21. పన్ను పది శాతం పైనే, అంటే 23 దాటింది. టిప్ తగ్గించిన ధర మీద వేయాలా, అసలు ధర మీద వేయాలా అని మా ఫ్రెండ్స్‌లో ఎప్పుడూ ఒక గొడవ. ప్లేట్ ఎంతకి అమ్మినా మోసుకొచ్చే మనిషికి పని ఒకటే కదా. నేను అసలు ధర మీదే 20 శాతం వేస్తా. అంతా కలిపి 30 డాలర్ల దగ్గర తేలుతుంది. అదే ఏడింటికి తింటే 43 దాటేది.

విసిగించేవి కొన్ని ఉన్నాయి. "మూసేదాకా" అన్నది మందుకే, వంటగది పదకొండుకి కట్టేస్తారు. జనం పల్చగా ఉన్న రోజు పదిన్నరకే ఫ్రయర్ ఆపేసి నూనె వడకడతారు, ఇక వింగ్స్ లేవు. జనవరి వానలో తడుసుకుంటూ వెళ్లి, ఆలివ్స్, బ్రెడ్ తిని వచ్చిన రాత్రులు రెండు మూడున్నాయి. ఇంకోటి, ఈ ధరలు బార్ కౌంటర్ దగ్గరా, దాని పక్కనున్న ఎత్తు బల్లల దగ్గరా మాత్రమే. గుమ్మం దగ్గర కుర్రాడు నవ్వుతూ కిటికీ పక్క టేబుల్‌కి తీసుకెళ్తే మురిసిపోవద్దు, అక్కడ పూర్తి ధరే.

నవంబర్‌లో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఇండియాలో తిప్పరు. దాంతో చలికాలం మా కాల్ 9 గంటలకే అయిపోతుంది. మొదటి ఏడాది ఆకలికి ఆగలేక 9:10కే వెళ్లిపోయాం. 9:28కి ఆర్డర్ చెప్పాం, ప్లేట్లు 9:45కి వచ్చాయి, బిల్లు మాత్రం పూర్తి ధరకి వచ్చింది. ఆర్డర్ కొట్టిన నిమిషాన్ని బట్టి సిస్టం ధర వేస్తుందట. మేనేజర్‌ని పిలిస్తే రూల్ చూపించాడు, ఒక్క డాలర్ తగ్గించలేదు. ఆ నెలంతా వెళ్లలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఆ కౌంటర్ అమ్మాయే ఒక దారి చూపించింది. ఇప్పుడు మేం ఎప్పుడు చెప్పినా చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటుంది. మాకు నీళ్లూ, ఉల్లిపాయ గిన్నే ఇచ్చి, గోడ గడియారం 9:31 చూపించాకే వెళ్లి కొడుతుంది.