డబ్బు కట్టించుకుని వేషం ఇప్పిస్తామనే నటన కోర్సులతో జాగ్రత్త

నటన నేర్పడమే కాకుండా అవకాశం కూడా మేమే ఇప్పిస్తామని చెప్పిన హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థకు 1,20,000 రూపాయలు కట్టాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు, బోర్డు మీద ఏ పేరున్నా గుర్తుపట్టవచ్చు.

ప్యాకేజీలో మూడు నెలల తరగతులు, పోర్ట్‌ఫోలియో ఫొటోలు, షోరీల్ (నటించిన ముక్కలు కలిపి చూపించే చిన్న వీడియో), ‘ఆర్టిస్ట్ కార్డు’, చివరికి ఓటీటీ వెబ్ సిరీస్‌లో పేరున్న పాత్ర అన్నారు. కరపత్రంలో నటుడి భవిష్యత్తును మెట్లు మెట్లుగా గీశారు. ఆరు నెలల్లో చిన్న వేషాలు, ఏడాదికి హీరో స్నేహితుడు, రెండేళ్లకు హీరో. ఆర్టీసీ బస్సుల వేళల పట్టిక కూడా ఇంత ధీమాగా ఉండదు. చేర్చుకునే ముందు ఆడిషన్ పెట్టారు. నేను డైలాగు సగం చెప్పగానే ఆపి, ‘మీ కళ్లలో ఏదో ఉంది’ అన్నారు. ఆ రోజు వచ్చిన అందరి కళ్లలోనూ అదే ఉందట. ఒక్కరినీ వెనక్కి పంపలేదు.

తరగతులు అయిపోయాక, అడగ్గా అడగ్గా షూటింగ్ తేదీ చెప్పారు. తీరా వెళ్లి చూస్తే నిర్మాత ఆ సంస్థే, దర్శకుడు మాకు కెమెరా పాఠాలు చెప్పిన మనిషే, నటులందరూ మా బ్యాచ్ వాళ్లే. సిరీస్ వచ్చేది వాళ్ల సొంత యూట్యూబ్ ఛానల్‌లో. ఓటీటీ అన్నారు కదా అని అడిగితే యూట్యూబ్ కూడా ఓటీటీయేనన్నారు. దుస్తులు మావే, మేకప్‌కు అదనం, భోజనానికి అదనం. నాకు దక్కిన పేరున్న పాత్ర కానిస్టేబుల్ రాజు. ఎస్సై నన్ను గది బయటికి పొమ్మన్నప్పుడు మాత్రమే ఆ పేరు వినిపిస్తుంది. ఆ షూటింగ్‌లోంచి కత్తిరించిన ముక్కలనే షోరీల్ అని చేతిలో పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం నా వీపే.

కృష్ణానగర్‌లో తెల్లవారకముందే ప్రొడక్షన్ బస్సెక్కే జూనియర్ ఆర్టిస్టు గుంపులో ఎక్కడో నిలబడినా అతనికి రోజు కూలి ముడుతుంది. మేము పేరున్న పాత్రలు వేసి ఎదురు డబ్బు కట్టాం. సినిమా పనిలో డబ్బు నిర్మాత దగ్గరి నుంచి నటుడికి వస్తుంది. నటులను వెతికిపెట్టే కాస్టింగ్ డైరెక్టర్‌కు కూడా ఇచ్చేది నిర్మాణ సంస్థే. రిజిస్ట్రేషన్, ప్రొఫైల్, కోఆర్డినేషన్ అని ఏ పేరు పెట్టినా సరే, వేషం కోసం మీ జేబులోంచి డబ్బు తీయమన్నారంటే అక్కడ ఉద్యోగం లేదు, అమ్మకం ఉంది.

ఆ కార్డు సంగతీ చెప్పాలి. అందరూ ‘మా’ అని పిలిచే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ 1993లో ఏర్పడిన నటుల సంఘం. మాకిచ్చిన కార్డుకు దానితో ఏ సంబంధమూ లేదు. సంస్థ తన లోగో వేసి లామినేషన్ చేయించిన గుర్తింపు కార్డు అది. షూటింగ్ జరిగే చోట కాపలా మనిషి కూడా దాన్ని రెండోసారి చూడడు.

శిక్షణే దండగ అని నా ఉద్దేశం కాదు. చిరంజీవి, రాజేంద్రప్రసాద్ ఇద్దరూ మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవారే. మా దగ్గర కూడా ఉచ్చారణ నేర్పిన మాస్టారు ఒకరుండేవారు. పౌరాణిక నాటకాలు ఆడిన పెద్దమనిషి. వాక్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయన చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. జీతం బాకీ పెట్టారని కోర్సు మధ్యలోనే మానేశారు. కట్టిన డబ్బులో ఆయన తరగతుల విలువ తీసేసి మిగిలినదే నేను వెనక్కి అడుగుతున్నాను.

రిసెప్షన్ గోడ నిండా పెద్ద నటుల ఫొటోలున్నాయి. వాళ్లలో ఎవరూ ఇక్కడ చదవలేదు, ఎవరి దారీ కరపత్రంలోని మెట్లలా సాగలేదు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి నాటకాలు వేశాక 1978లో తెర మీదికి వచ్చారు. బ్రహ్మానందం అంతకుముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా ఉండేవారు. నాని బాపు దగ్గర సహాయ దర్శకుడిగా చేసి, రేడియోలో మాట్లాడి, 2008లో హీరో అయ్యారు. సుహాస్ లఘుచిత్రాలు, చిన్న పాత్రలు దాటుకుని 2020లో కథానాయకుడయ్యారు. రెండేళ్లని ముందే లెక్కగట్టి చెప్పేవాడు మీకు అమ్ముతున్నది ఏమిటో ఆలోచించండి.

చేరదలచినవారు రసీదులో, ఒప్పందంలో ఏం రాస్తున్నారో చూడండి. నా రసీదులో ‘శిక్షణ రుసుము’ అని మాత్రమే ఉంది. ఒప్పందం చివర చిన్న అక్షరాల్లో ‘అవకాశాలు అభ్యర్థి ప్రతిభపై ఆధారపడి ఉంటాయి’ అని ఉంది. పాత్ర గ్యారంటీ అన్న మాట కోఆర్డినేటర్ పంపిన వాట్సాప్ సందేశాల్లోనే ఉంది. ఇప్పుడు నాకున్న ఆధారం అదే. కాబట్టి ఏ హామీ అయినా నోటితో వదిలేయకుండా రాతపూర్వకంగా అడగండి. పాత విద్యార్థులు ఎవరి సినిమాలో చేశారు, పారితోషికం అందిందా అన్నది ఆ విద్యార్థులనే నేరుగా అడగండి. అలాంటి వాళ్ల నంబరు ఒక్కటి కూడా ఇవ్వలేకపోతే ఇంటికి వచ్చేయండి.

చట్టంలో ఒక మెలిక ఉంది. కోచింగ్ కేంద్రాల తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అందులో క్రీడలు, నృత్యం, రంగస్థలం వంటి సృజనాత్మక రంగాలను కోచింగ్ నిర్వచనంలోంచి తప్పించారు. ఆ శిక్షణ సంస్థ వకీలు మొదట పట్టుకున్నది ఈ సందునే. అయితే సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన అనేవి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉన్నాయి. నా ఫిర్యాదు వాటి మీదే నడుస్తోంది. కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. రెండేళ్ల గడువు దాటనివ్వకండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొన్నవారు కరపత్రం, రసీదు, వాట్సాప్ సందేశాలు, వాయిస్ మెసేజ్‌లు ఏవీ చెరిపేయకండి. నేను ఫిర్యాదు వేసిన వారంలోనే ఆ కోఆర్డినేటర్ పాత సందేశాలు కొన్ని ‘అందరికీ’ తొలగించాడు. అప్పటికే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.