సారంగధరుడి జాడలో: రాజమహేంద్రవరం నుంచి మాధవపట్నం దాకా

రాజమహేంద్రవరాన్ని ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాళ్లూ చేతులూ నిజంగానే నరికించాడా అన్నది నేటికీ తేలని సంగతి. సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలిన పావురం కోసం వెళ్లి, ఆమె కోరికను కాదని, నింద మోసిన యువరాజు సారంగధరుడి గురించి జనం కళ్లారా చూసినట్టు చెబుతారు. ఆ రాజు శాసనాలలో మాత్రం ఈ పేరు కనబడదు. చరిత్రకు తెలిసిన కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. పైగా ఇదే కథ పంజాబులో పూరన్ భగత్ పేరిట ఉంది. ఈ చిక్కుముడిని కళలో ఎక్కడ చూడవచ్చునో తెలుసుకోవాలని బయలుదేరాము.

రాజమహేంద్రవరంలో శిక్ష జరిగిన చోటుగా చెప్పే సారంగధర మెట్టకు ఎండ ముదరకముందే వెళ్లడం మంచిది. దర్శనానికి బాగుంటుంది కాని, కథను చెప్పే పాత శిల్పమేదీ మాకు అక్కడ కనబడలేదు. దామెర్ల రామారావు చిత్రకళామందిరానికి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించాలి. 28 ఏళ్లు నిండకముందే కన్నుమూసిన ఆ చిత్రకారుడి ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నిలబడితే, రాగాన్ని తిరస్కరించిన మరో రాకుమారుడు గుర్తుకు రాక మానడు.

బస విషయానికి వస్తే, గోదావరి కనిపించే గది అని చెప్పి అదనంగా డబ్బు తీసుకున్న ఒక లాడ్జిలో కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ ఎదురైంది. అడిగాక గది మార్చారు, డబ్బు తిరిగి ఇవ్వలేదు. గది చూశాకే అడ్వాన్సు కట్టండి. భోజనానికి లోటు లేదు.

అసలు ఫలితం దక్కింది సామర్లకోట దగ్గరి మాధవపట్నంలో. రైలు దిగి ఆటోలో తోలుబొమ్మలాట కళాకారుల ఇంటికి చేరితే, వారు నులక మంచం మీద బొమ్మలు పరిచి ఓపికగా చూపించారు. ఎక్కువ బొమ్మలు రామాయణ భారతాలవే. సారంగధరుడికి వేరే బొమ్మ లేదని, అభిమన్యుడే అతనూ అవుతాడని పెద్దాయన చెప్పారు. భుజం, మోచేయి, మణికట్టు దగ్గర దారపు ముడులతో కలిపిన తోలు ముక్కలవి. ఆయన మోచేతి ముడి విప్పగానే చెయ్యి ఊడి వచ్చింది. వెలుగుకెదురుగా పెడితే, కంకణానికి పొడిచిన సన్నని రంధ్రాలు చుక్కలుగా మెరిశాయి. కథలో ఒక సిద్ధుడి, అంటే మహిమగల యోగి, కరుణతో సారంగధరుడి అవయవాలు తిరిగి మొలిచే ఘట్టంలో తెర చాటున అదే ముడి మళ్లీ వేస్తారట. తండ్రి తప్పా, చిత్రాంగి తప్పా అని అడిగితే, ‘ఆట ఆడించే ఊరిని బట్టి ఉంటుందండీ’ అని నవ్వేశారు.

పూర్తి ఆట చూడాలంటే ముందుగా కబురు చేసి, పారితోషికం మాట్లాడుకోవాలి. వాద్యగాళ్లు వేర్వేరు పనులకు వెళుతుంటారు కనుక అప్పటికప్పుడు కుదరదు. బొమ్మలు చూసి ఏమీ ఇవ్వకుండా తిరిగి రావడం సబబు కాదు.