22 వేల కార్డు, లక్షా 70 వేల కార్డు: పర్లాకిమిడిలో మూడేళ్ల కాపురం

నా కంప్యూటర్లో ఉన్నది ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600. ఆటల బొమ్మని తెర మీద గీసేది ఇదే. 2023 జనవరిలో కొన్నాను. మూడు ఎండాకాలాలు, మూడు వానాకాలాలు, లెక్కపెట్టలేనన్ని కరెంటు కోతలు చూసింది. డబ్బా విప్పిన రోజే రాసేసే సమీక్షలకి కొదవలేదు. ఆ రోజు ఏ కార్డైనా పెళ్లికొడుకులాగే ఉంటుంది. కాపురం ఎలా చేస్తుందో తెలియాలంటే కొన్నేళ్లు ఆగాలి కదా, ఆగాను.

ముందు కొన్న కథ. 2021లో అడిగితే ఇదే తరగతి కార్డుకి మా ఊళ్లో, బరంపురంలో, విశాఖలో ఎక్కడైనా నోటికొచ్చిన ధర చెప్పేవారు. అప్పుడు ఆటగాళ్లకంటే ముందు ఈ కార్డులతో క్రిప్టో (డిజిటల్ డబ్బు) తవ్వేవాళ్లు లైన్లో ఉండేవారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో తన పద్ధతి మార్చుకుని, గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే పని మానిపించింది. ఆ తర్వాత ధరలు నేలకి దిగాయి. తవ్వి తవ్వి అలిసిపోయిన పాత కార్డులు కూడా సగం ధరకి దొరికేవి గానీ నాకు ధైర్యం చాల్లేదు. కొత్తదే 22 వేల చిల్లరకి ఆర్డరు పెట్టాను.

పెట్టానంటే, పెట్టబోయాను. మా పిన్‌కోడ్ కొట్టగానే డెలివరీ లేదని వచ్చింది. పాతపట్నంలో మా అత్త వాళ్ల పిన్‌కోడ్ కొట్టాను, నాలుగు రోజుల్లో వస్తుందంది. మా ఇంటి నుంచి అత్త వాళ్లింటికి బండి మీద పదిహేను నిమిషాలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు ఆంధ్రా వైపు పడ్డాయి. ఎనభై ఏడేళ్ల తర్వాత కూడా ఆ గీత కొరియర్ వాళ్ల సాఫ్ట్‌వేర్లో బతికే ఉంది. చివరికి కార్డు అత్త వాళ్లింట్లో దిగింది. దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, తమ్ముడి వెనకాల కూర్చుని తెచ్చుకున్నాను. ధర విన్న మా నాన్న ఒకటే మాటన్నాడు: "ఈ రెండు ఫ్యాన్ల డబ్బాకి ఇరవై రెండు వేలా? ఓ పాడి ఆవొచ్చేస్తాది గదరా."

లెక్కలు ఒకసారి చెప్పేసి ముందుకెళ్తాను. ఆర్‌ఎక్స్ 6600 విడుదలైంది 2021 అక్టోబరులో, 329 డాలర్లకి. 8 జీబీ మెమరీ, ఆ మెమరీకి 128 బిట్ల దారి, 132 వాట్ల కరెంటు, ఒకే ఒక 8 పిన్నుల కనెక్టరు. దీనితో జంటగా నా దగ్గరున్నవి రైజెన్ 5 5600 ప్రాసెసరు, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల పవర్ సప్లై, 24 అంగుళాల 1080పీ (అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు) మానిటరు. ఆ మానిటరు సెకనుకి 75 ఫ్రేములు, అంటే 75 బొమ్మలు, మాత్రమే చూపిస్తుంది. ఈ 75 అనే అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పగలు ఈ కంప్యూటరు మీదే పెళ్లి వీడియోలు కత్తిరించి అతుకుతాను. ఆ పనికి ఇది మధ్యస్థం. ఏవీ1 అనే రకం వీడియోని చూపించగలదు గానీ, ఆ రకంలోకి వీడియోని కుదించి తయారు చేసే (ఎన్‌కోడ్) సర్క్యూట్ దీనిలో లేదు. ఎడిటింగే మీ తిండి అయితే ఏఎండీ పోటీ కంపెనీ ఎన్విడియా వైపు చూడడం మేలు. ఇక్కడితో ఆ సంగతి వదిలేస్తున్నాను, ఎందుకంటే ఈ కార్డు కొన్నది రాత్రి పది తర్వాతి పని కోసం.

సైబర్‌పంక్ 2077 ఆటని రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా లెక్కగట్టి గీసే పద్ధతి) ఆపేసి, మిగతావన్నీ హైలో పెడితే 60కి అటూఇటూగా నడుస్తుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కూడా అంతే. ఎల్డెన్ రింగ్ ఎలాగూ 60 దాటనివ్వదు, అది ఆటకే ఉన్న కట్టుబాటు. వాలరెంట్ 200 పైనే పరుగెడుతుంది, నా మానిటరు అందులో 75 చూపించి మిగతావి గాలికొదిలేస్తుంది. మూడేళ్లలో "ఈ ఆట నీ కార్డు మీద తెరుచుకోదు" అన్న మాట ఇంకా వినలేదు. రే ట్రేసింగ్ చేసే హార్డ్‌వేర్ లేకపోతే మొదలే కాని ఇండియానా జోన్స్ ఆట 2024 డిసెంబరులో వచ్చింది. దానికి కావలసిన కనీస కార్డుల జాబితాలో రేడియాన్ వైపు నిలబడ్డది ఆర్‌ఎక్స్ 6600యే. క్లాసులో ఆఖరి బెంచీయే, అయినా క్లాసులో ఉంది.

ఇక మా మేనబావ సంగతి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎన్విడియా వాళ్ల జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4090 కొన్నాడు, లక్షా 70 వేలు పోసి. 2022 అక్టోబరులో 1,599 డాలర్లకి వచ్చిన కార్డు అది. 24 జీబీ మెమరీ, 384 బిట్ల దారి, 450 వాట్లు. 2024 సంక్రాంతికి సెలవులతో పాటు ఇంటి నుంచి పని కూడా కలిపేసుకుని, సీపీయూ మొత్తాన్ని కారులో వేసుకుని పాతపట్నం వచ్చాడు. తన 4కే మానిటరు (1080పీకి నాలుగింతల చుక్కలుండేది) మాత్రం హైదరాబాదులో వదిలేశాడు. "నీ మానిటరు పట్రా, నీ సీపీయూ కూడా పట్రా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు.

కనుమ రోజు రాత్రి అత్త వాళ్ల హాల్లో చూశాం. ఒకే మానిటరు, ఒకసారి నా కార్డు, ఒకసారి అతనిది. ఆట సైబర్‌పంక్, అదే వీధి, అదే వాన. రే ట్రేసింగ్ లేకుండా ఆడితే తేడా ఫ్రేముల మీటర్లో మాత్రమే కనబడింది. అతని అంకె నాకు ఎన్నో రెట్లు, కానీ తెర చూపించేది 75. నాది 60 చిల్లర. సోఫాలో కూర్చున్న మా మావయ్యని "ఏది ఏదో చెప్పు" అంటే రెండుసార్లూ తప్పు చెప్పాడు. బావకి రోషం వచ్చింది. "ఆగరా, అసలుది చూపిస్తా" అని పాత్ ట్రేసింగ్ వేశాడు. 2023 ఏప్రిల్లో ఆ ఆటకి చేర్చిన వెలుతురు పద్ధతి అది. నిజం ఒప్పుకోవాలి, నోరెళ్లబెట్టాను. తడి రోడ్డు మీద నియాన్ బోర్డు నీడ కదిలిన తీరు చూస్తే, మా రాజుగారి కోట ముందు దసరా దీపాలు నీళ్లలో కనబడినట్టే ఉంది. అదే మీట నా కార్డు మీద నొక్కితే సెకనుకి పది ఫ్రేములు కూడా రాలేదు. పుస్తకం పేజీలు తిప్పినట్టు కదిలింది బొమ్మ.

మళ్లీ 4090 తగిలించి పాత్ ట్రేసింగ్‌లో అతను తలమునకలై ఉండగా కరెంటు పోయింది. అత్త వాళ్లింట్లో ఇన్వర్టరు ఉంది. నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు, ఓ టీవీ మోయడానికి పెట్టించుకున్నది. 450 వాట్ల కార్డు, దాని పక్కన ఆకలి మీదున్న ప్రాసెసరు, మానిటరు కలిసి ఒక్కసారిగా దాని మీద పడ్డాయి. కీ అని ఒక్క అరుపు అరిచి ఓవర్‌లోడ్ అని ఎర్ర దీపం వెలిగించి మొత్తం ఆగిపోయింది. ఇల్లంతా చీకటి. లోపల పడుకున్న పసిదాని ఏడుపు. అత్త వంటింట్లోంచి: "ఒరేయ్, పండగ పూట ఇంట్లో దీపం ఆర్పేసినారేట్రా, ఏటి ఆడతన్నారు!"

నేను గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు, నా కార్డు ఆ పాత్ ట్రేసింగ్ చేయలేదని పైనే చెప్పాను. కానీ మా ఇంట్లో నా సీపీయూ మొత్తం ఆట మధ్యలో కూడా 250 వాట్ల లోపే తింటుంది. 600 వీఏ యూపీఎస్ మీద ఉంది. కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుంది, నేను ఆట సేవ్ చేసుకుని, మెల్లగా ఆపి, మేడ మీదకి పోయి పడుకుంటాను. రోజుకి మూడు గంటలు ఆడతాననుకుంటే, కార్డు ఒక్కటే నెలకి 12 యూనిట్లు. 4090 నిండా పనిచేస్తే 40. ఈ లెక్క ఫ్రేముల పట్టికల్లో ఎక్కడా కనబడదు. మా వైపు వైశాఖం గాలివానలకి రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయినప్పుడు మాత్రం బాగా కనబడుతుంది.

మెమరీకి 128 బిట్ల చిన్న దారితో నా కార్డు ఎలా నెట్టుకొస్తోందంటే, చిప్పులోనే 32 ఎంబీల ఇన్ఫినిటీ క్యాష్ అని ఒకటుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి గ్రాంథికం జోలికి పోకుండా చెప్తాను. కిరాణా కొట్టువాడు మాటిమాటికీ కావలసిన చక్కెర, టీ పొడి గల్లాపెట్టె పక్కనే పెట్టుకుంటాడు చూడండి, అదీ క్యాష్. 1080పీలో ఎక్కువ సరుకు అక్కడే దొరికిపోతుంది. 1440పీకి, 4కేకి పోతే బేరం పెరిగి ఆ గల్లా పక్క అర చాలదు, మాటిమాటికీ వెనక గదిలోకి పరుగెత్తాలి. అందుకే ఇది 1080పీలో పులి, పెద్ద తెర మీద పిల్లి.

ఇక 8 జీబీ సంగతి. ఇదే నాకు నిజంగా కాలిన చోటు. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం కంప్యూటరుకి వచ్చింది. టెక్స్‌చర్లు (ఆటలో గోడలు, నేల మీద అతికే బొమ్మలు) హైలో పెట్టగానే మెమరీ నిండిపోయి, నాలుగడుగులకోసారి బొమ్మ ఆగిపోయేది. తగ్గిస్తే గోడలు పేడతో అలికినట్టు కనబడేవి. తర్వాతి ప్యాచుల్లో బాగు చేశారు గానీ ఆ మొదటి నెల నేను పెట్టిన డబ్బుకి ఏడ్చాను. దీనికి తోడు ఈ కార్డు బోర్డుతో మాట్లాడేది పీసీఐఈ అనే రోడ్డులో ఎనిమిది లేన్ల మీదే, నా బీ450 బోర్డేమో ఆ రోడ్డు పాత మూడో తరానిది. మెమరీ ఖాళీ ఉన్నంతసేపు ఇది పట్టదు. నిండిపోయి, సరుకు ర్యామ్ గోదాం నుంచి రావలసి వచ్చినప్పుడు మాత్రం లారీ వెళ్లే చోట సైకిల్ వెళ్లినట్టుంటుంది. పాత బోర్డున్న వాళ్లు ఈ ఒక్క ముక్క రెండుసార్లు చదువుకోండి.

ఫ్రేములు తక్కువైతే ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మ గీసి, దాన్ని పెద్దది చేసి చూపించే ఏఎండీ ఉపాయం) ఉంది కదా అంటారు. ఉంది, నా కార్డుకి దొరికే రకం ఏ కంపెనీ కార్డు మీదైనా నడుస్తుంది, అది దాని మంచితనం. కానీ 1080పీలో వాడితే ఇనుప వల కంచెలు, చెట్ల ఆకులు, జుట్టు చివర్లు జిలజిలమని మెరుస్తాయి. మా బావ కార్డులో డీఎల్‌ఎస్‌ఎస్ (ఇదే పనికి ఎన్విడియా ఉపాయం) చూశాక నాకది ఇంకా ఎక్కువ కనబడడం మొదలైంది. చూడకుండా ఉండాల్సింది. 2024 జనవరిలో డ్రైవర్లోకి వచ్చిన ఏఎఫ్‌ఎంఎఫ్ మధ్య మధ్యలో ఫ్రేములు అల్లుతుంది. నెమ్మదిగా నడిచే ఆటల్లో బాగుంది, తుపాకీ ఆటల్లో గురి జారినట్టనిపించి తీసేశాను. డ్రైవర్ల గురించి ఏఎండీకి ఉన్న పాత చెడ్డపేరు నా దగ్గర నిజం కాలేదు. మూడేళ్లలో తెర నల్లబడి తిరిగి రావడం రెండే రెండుసార్లు.

రోగం వచ్చింది ఫ్యాన్‌కి. మా ఇంటి వెనక సందులో రైసు మిల్లుంది. ఊక దుమ్ము కళ్లకి కనబడదు, కార్డు రెక్కల మధ్య మాత్రం పరుపులా పేరుకుంటుంది. 2024 మేలో కుడివైపు ఫ్యాన్ కుట్టు మిషనులా టకటకమనడం మొదలుపెట్టింది. వారంటీ ఉంది కదా అని కార్డు తయారు చేసిన కంపెనీకి (చిప్పు ఏఎండీదైనా కార్డు కట్టేది వేరే కంపెనీ, దాని పేరు అనవసరం) ఫిర్యాదు పెట్టాను. బిల్లు ఆంధ్రా చిరునామాది, నువ్వు ఉన్నది ఒడిశాలో, ఏ సర్వీసు సెంటరు కిందకి వస్తావో చూడాలి అన్నారు. మూడు వారాలు చూశారు. చివరికి కార్డు నా ఖర్చుతో విశాఖ పంపితే, చెక్ చేసి ఇరవై రోజుల్లో చెప్తామన్నారు. అది ముహూర్తాల సీజను, పెళ్లి వీడియోలు ఆగవు. మానుకున్నాను.

బజారులో మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫ్యాన్ మధ్యనున్న గుండ్రటి స్టిక్కరు గోటితో లేపి, కుట్టు మిషను నూనె ఒకే ఒక్క చుక్క వేసి, వేలితో తిప్పాడు. తిరిగింది, చప్పుడు లేదు. "ఇది టేబులు ఫ్యాను తమ్ముడే" అని పాతిక రూపాయలు తీసుకున్నాడు. ఎనిమిది నెలలు నడిచాక మళ్లీ మొదలైతే, ఆన్‌లైన్లో 700 పెట్టి ఫ్యాన్ల జత తెప్పించి నేనే మార్చుకున్నాను. ఆ చిరునామా కూడా పాతపట్నమే. అప్పటి నుంచి రెండు నెలలకోసారి పెయింటు బ్రష్షుతో రెక్కలు దులుపుతాను. పంక్చరు షాపు గాలి మాత్రం కొట్టించకండి, అందులో నీటి తుంపర ఉంటుంది.

ఎండాకాలంలో ఇంకో పని చేస్తాను. డ్రైవరు సాఫ్ట్‌వేర్లో వోల్టేజీ కొంచెం తగ్గిస్తాను. గది 38 డిగ్రీలున్నప్పుడు కార్డు ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది, ఫ్రేములు ఏమీ తగ్గవు. ఎక్కువ తగ్గిస్తే ఆట మూసుకుపోతుంది, అప్పుడు ఒక మెట్టు వెనక్కి రావాలి. అంతే విద్య.

ఈరోజు అయితే ఇదే కొంటారా అని తమ్ముళ్లు అడుగుతున్నారు. కొత్తదిగా అయితే కొనను, 8 జీబీ వద్దు. 249 డాలర్లకి 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, కానీ పాత ప్రాసెసర్లతో అది డీలా పడుతుంది, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరు ఒకేసారి అందుకునే వసతి) లేని బోర్డైతే దాని జోలికే పోవద్దు. 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 16 జీబీది నా మనసులో ఉంది. 2025 చివర్లో మెమరీ ధరలు ఒక్కసారిగా లేచాయి, అందుకని ఆగాను. పాతది 10 వేల లోపు దొరికి, మీ తెర 1080పీ అయితే, ఫ్యాన్ చెవి దగ్గర పెట్టి విని మరీ తీసుకోండి.

మొన్న సంక్రాంతికి బావ మళ్లీ వచ్చాడు. కారు ఆగగానే అత్త వాకిట్లోనే అడిగింది, "ఆ డబ్బా గానీ తెచ్చావేట్రా?" తేలేదు. జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి నాకిచ్చాడు, అందులో అతని ఆట సేవ్ ఫైల్ ఉంది. మూడు రాత్రులు మా ఇంట్లోనే, నా కార్డు మీదే ఆడాడు.