చారల మేపుల్ కొయ్య: చెకుముకి తుపాకీకి ఏళ్ల తరబడి వాడాక

ఉద్యోగం కోసం పెన్సిల్వేనియా వచ్చిన తెలుగువాడికి ఈ చెకుముకి తుపాకుల పిచ్చి ఎలా పట్టిందని అడక్కండి. లాంకాస్టర్ చుట్టుపక్కల మ్యూజియాలు ఒకటికి రెండుసార్లు తిరిగితే ఎవరికైనా పడుతుంది. 18వ శతాబ్దంలో అక్కడ స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి రైఫిల్‌ని సాగదీసి, గుండు సైజు తగ్గించి, మూతి దాకా కొయ్య తొడిగి పొడుగు రైఫిల్‌గా మార్చారు. జేకబ్ డికర్ట్ వంటి వాళ్ల పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. నా తుపాకీ కూడా ఆ తరహాదే. మూతిలోంచి మందూ గుండూ కూరాలి, చెకుముకిరాయి నిప్పుతో పేలుతుంది. గొట్టం, లాక్ (రాయితో నిప్పు రాల్చే యంత్రాంగం) కొన్నవి. కొయ్య, అంటే వీటిని పట్టి ఉంచే చెక్క భాగం (స్టాక్), మాత్రం మేపుల్ చెట్టు పలక తెచ్చి నేనే చెక్కుకున్నాను. ఈ సమీక్ష ఆ కొయ్య గురించే. (మన దేశంలో మందు కూరే తుపాకీకి కూడా లైసెన్సు తప్పనిసరి. అక్కడ ఉండి ఇది చదివేవాళ్లు ఆ సంగతి ముందు చూసుకోండి.)

అసలు మాట మొదటే చెప్పేస్తాను. కొనేటప్పుడు అందరి కళ్లూ చారల మీదే ఉంటాయి, డబ్బూ వాటికే పోతుంది. తుపాకీని నిలబెట్టేది మాత్రం మణికట్టు దగ్గర నార వాటం, అంటే చెక్కలో నార ఏ వైపు సాగుతోందన్నది.

మణికట్టు అంటే లాక్‌కి వెనక, పిడికిలి పట్టే సన్నటి చోటు. పైనుంచి గొట్టం తోకని బిగించే మర దిగుతుంది, పక్కనుంచి లాక్ గుంట, కిందనుంచి మీట (ట్రిగ్గర్) గుంట వస్తాయి. మూడూ కలిసి చుట్టుపక్కల చెక్కని తినేయగా మిగిలేది కాస్తే. ఆ కాస్తలో నార పొడుగునా సాగకుండా ఏటవాలుగా బయటికి తెగిపోతే, తుపాకీ ఒక్కసారి చేజారి పడితే చాలు, పుటుక్కుమంటుంది. మ్యూజియంలో పాత తుపాకులు జాగ్రత్తగా చూడండి. మణికట్టుకి ఇత్తడి రేకు చుట్టినవి, పచ్చితోలు బిగించి కుట్టినవి కనిపిస్తాయి. అలంకారం కాదు, విరిగితే చేసుకున్న రిపేరు.

అందుకని అడితికి వెళ్లేటప్పుడు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద కొయ్య ఆకారం పూర్తి సైజులో గీసుకుని పట్టుకెళ్లాను. పలక మీద పరిచి అటూ ఇటూ జరుపుతూ నార గీతలు మణికట్టులో ఎలా పోతున్నాయో చూడాలి. చెట్టు మొదట్లో, వేళ్ల వైపు విప్పారే చోట నార తనంతట తానే వంపు తిరుగుతుంది. బట్ (భుజానికి ఆనే వెనక భాగం) కిందికి వాలే చోట ఆ వంపు కలిసొస్తే అదృష్టమే. నేను చూసినవాటిలో ఒకటి పులిచర్మంలా మెరిసిపోతోంది. షీటు పరిచి చూస్తే మణికట్టు చోట నార అడ్డంగా వెళ్లిపోతోంది. పక్కనున్న పలకకి చారలు పలచన, ముందు భాగంలో దాదాపు లేవు, వాటం మాత్రం చక్కగా ఉంది. అదే తెచ్చుకున్నాను.

మేపుల్‌లోనూ రకాలున్నాయి. షుగర్ మేపుల్ గట్టిది, చెక్క గట్టిదనాన్ని చెప్పే జాంకా కొలతలో 1450 పౌండ్లు. రెడ్ మేపుల్ 950, నల్ల వాల్‌నట్ 1010. అమ్మేవాళ్లు చాలాసార్లు ఉత్త ‘కర్లీ మేపుల్’ (చారల మేపుల్) అని ఊరుకుంటారు, ఏదో అడిగి తెలుసుకోండి. రెడ్ మేపుల్‌లో చారలు ముద్దుగా ఉంటాయి, ఉలి కూడా హాయిగా దిగుతుంది, కానీ లాక్ గుంట అంచులు త్వరగా నలుగుతాయి. షుగర్ మేపుల్ చేతులు నొప్పెట్టిస్తుంది. అయితే గీసిన అంచు గీసినట్టే నిలుస్తుంది.

ఆరుదల మీద తొందర వద్దు. గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది అని ఇక్కడి పాత లెక్క. కొయ్యకి కావాల్సింది రెండున్నర అంగుళాల పలక. బట్టీలో హడావిడిగా ఆరబెట్టిన కొన్ని పలకల లోపల బిగింపు మిగిలిపోయి, గొట్టం గాడి తీయగానే పక్కలు వంకర తిరుగుతాయి. కొన్నాక ఇంట్లో పెట్టుకుని అప్పుడప్పుడు తూకం వేయండి. బరువు తగ్గడం ఆగాకే ఉలి పట్టండి.

చారలంటే రంగు కాదు, నార అలలు అలలుగా సాగడం. మన కచేరీల్లో వయొలిన్ వెనక పలక మీద కనిపించే అడ్డచారలూ ఇవే. చూడ్డానికి బాగుంటుంది గానీ చిత్రిక పడితే అల ఎక్కే చోట నున్నగా వచ్చి, దిగే చోట పెచ్చు లేస్తుంది. చివరి నునుపంతా స్క్రేపర్ రేకుతోనే తెచ్చాను. శాండ్‌పేపర్ ఎక్కువగా వాడితే గీసిన అంచులన్నీ గుండ్రబడి, కొయ్య ఫ్యాక్టరీ సరుకులా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది గొట్టం దింపడం. ఎనిమిది ముఖాల గొట్టం, మొదట్లో లావు, నడుమ సన్నం, మూతి దగ్గర మళ్లీ కాస్త లావు. దాని గాడి ఆ ఒంపులన్నీ అనుసరించాలి. కిరసనాయిలు దీపం మసి గొట్టానికి పట్టించి, గాడిలో పెట్టి, చెక్కసుత్తితో తట్టి పైకి తీయాలి. తగిలిన చోట నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ మేరకే గీకాలి, అంతకు మించి వెంట్రుకవాసి కూడా వద్దు. మళ్లీ మసి, మళ్లీ తట్టు. మచ్చలు అంచుల్లో మాత్రమే కాకుండా గాడి అడుగంతా సమంగా పడ్డప్పుడు ఆపొచ్చు. మందు కూరే కర్రకి బెజ్జం వేసేటప్పుడు మాత్రం టెన్షన్ తప్పదు. గొట్టానికీ ఆ బెజ్జానికీ మధ్య మిగలాల్సింది అంగుళంలో ఎనిమిదో వంతు. పొడుగాటి డ్రిల్లు నార వెంట పక్కకి జారాలని చూస్తుంది. పని రానివాళ్లు ఈ రెండూ డబ్బిచ్చి చేయించుకుంటే తప్పేమీ లేదు.

రంగుకి నత్రికామ్లంలో ఇనుము కరిగించిన ద్రావణం వాడాను. రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఇంట్లో కాచి ఆ పొగ పీల్చొద్దు. పూసినప్పుడు చెక్క పాలిపోయి వికారంగా కనిపిస్తుంది. హీట్ గన్ దగ్గరికి తెచ్చేసరికి ఎర్రటి గోధుమరంగు తిరుగుతుంది, చారలు అప్పుడు బయటపడతాయి. తర్వాత వంటసోడా నీళ్లతో ఆమ్లం విరగ్గొట్టకపోతే లోపల పని కొనసాగి రంగు మారిపోతుంది. పైన కాచిన అవిసెనూనె. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

ఇక వాడకం. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా జింకల సీజన్ ఉంది. మంచు, దాని వెనకే వాన. అవిసెనూనె నీటిని ఆపుతుందని నమ్మొద్దు, ఆలస్యం చేస్తుందంతే. తడిసిన రోజు తుడిచి, ఆరాక తేనెమైనం రుద్దుతాను. గొట్టం గాడి లోపల కూడా మొదట్లోనే మైనం పట్టించడం బాగా కలిసొచ్చింది, ఎందుకంటే పిన్నులతో బిగించిన గొట్టాన్ని కడిగినప్పుడల్లా విప్పం. రంజకం పళ్లెం (లాక్ దగ్గర నిప్పంటుకునే మందు పోసే చోటు) కింద మాత్రం మసినీళ్ల మరక నిలిచిపోయింది. ఇప్పుడు కడిగేటప్పుడు తుపాకీ చెవిలో (పళ్లెం నిప్పు గొట్టంలోకి వెళ్లే సన్నటి రంధ్రంలో) పళ్లపుల్ల దోపుతున్నాను.

చలికాలం హీటర్ వేసిన ఇంట్లో చెక్క కాస్త కుంచించుకుని, బట్ మీది ఇత్తడి పలక అంచు గోటికి తగులుతుంది. జూలై ఉక్కపోతకి మళ్లీ సమమవుతుంది. గొట్టం అడుగు లగ్గుల్లో (పిన్నులు దూరే చిన్న లోహపు ముక్కల్లో) రంధ్రాలు గుండ్రంగా కాకుండా గొట్టం పొడుగు వెంట సాగదీసి కోయడం వల్ల ఈ రాకపోకలకి కొయ్య ఎక్కడా చిట్లలేదు. మణికట్టులో చిన్న పగులు కూడా లేదు. రంగు ఏటేటా ముదురుతోంది, చెంప ఆనే చోట ఇంకా ఎక్కువ.

చారల గ్రేడు పెరిగేకొద్దీ ధర రెట్టింపు, ఒక్కోచోట మూడింతలు అవుతుంది. మళ్లీ చేస్తే షుగర్ మేపులే, అదీ ఒక గ్రేడు తక్కువదే కొంటాను. మిగిలిన డబ్బు లాక్ మీద పెడతాను. రాయి నిప్పు సరిగ్గా రాల్చకపోతే అడవిలో చారల వైపు ఎవరూ చూడరు.