కాంతికి ఏ లెక్క మేలు: మాక్స్‌వెల్ తరంగమా, ఫోటానా?

కాంతిలోనూ రేడియో తరంగాల్లోనూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని లెక్కించడానికి మూడు దారులున్నాయి. క్షేత్రాన్నీ పదార్థాన్నీ రెంటినీ క్వాంటం నియమాలు లేని పాత పద్ధతిలోనే చూసే మాక్స్‌వెల్ సిద్ధాంతం మొదటిది. పరమాణువుకు మాత్రం క్వాంటం నియమాలు వర్తింపజేసి క్షేత్రాన్ని తరంగంగానే వదిలేసే అర్ధ సంప్రదాయ పద్ధతి రెండోది. క్షేత్రాన్ని కూడా క్వాంటీకరించేది, అంటే దాని శక్తిని ఫోటాన్లనే విడివిడి ముద్దలుగా లెక్కించేది, మూడోది. దానికి 1927లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ పునాది వేశాడు.

యాంటెన్నాలకు మాక్స్‌వెల్ చాలు. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి సుమారు 6.6 × 10⁻²⁶ జౌళ్లు కాబట్టి, రేడియోకు అందే సామర్థ్యం వాటులో లక్ష కోట్లవ వంతే అనుకున్నా, సెకనుకు దాదాపు 15 లక్షల కోట్ల ఫోటాన్లు వచ్చినట్టు. లారీ ఇసుకను రేణువులు లెక్కపెట్టి ఎవరూ కొనరు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యనే. కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే కాంతి విద్యుత్ ఫలితమే ఫోటాన్‌కు రుజువని మనం తరగతిలో చదువుకున్నాం. కానీ క్షేత్రాన్ని తరంగంగానే ఉంచి, ఎలక్ట్రాన్‌ను మాత్రం క్వాంటం పద్ధతిలో చూసినా ఆరంభ పౌనఃపున్యం (అంతకంటే తక్కువైతే ఎలక్ట్రాన్లు వెలువడని హద్దు) వస్తుందని 1969లో భౌతిక శాస్త్రవేత్తలు లాంబ్, స్కల్లీ చూపారు. విచిత్రమేమిటంటే, హైడ్రోజన్ రెండు శక్తి స్థాయిల మధ్య సుమారు 1000 మెగాహెర్ట్జ్ తేడాను 1947లో రెదర్‌ఫర్డ్‌తో కలిసి కొలిచి, క్షేత్రాన్ని క్వాంటీకరించక తప్పని పరిస్థితి తెచ్చినవాడూ ఆ లాంబే.

పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు వేస్తే పసుపు వెలుగు వస్తుంది. ఉత్తేజిత సోడియం పరమాణువు, బయటి నుంచి ఏ తరంగమూ తాకకపోయినా, సుమారు 16 నానోసెకన్లలో తనంతట తానే కాంతిని విడిచిపెడుతుంది. అర్ధ సంప్రదాయ లెక్కలో క్షేత్రం సున్నా అయితే ఆ పరమాణువు పై స్థాయిలోనే ఉండిపోవాలి. కాబట్టి ఉద్గార రేటును బయటి నుంచి తెచ్చి అతికించాల్సి వస్తుంది. క్వాంటీకరించిన క్షేత్రంలో ఆ రేటు దానంతటదే వస్తుంది. ఇక్కడ మూడో దారిదే పైచేయి అని నా అభిప్రాయం.

దీనికంటే గట్టి పరీక్ష 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే చేసినది. ఒక్కొక్క ఫోటాన్‌నే సగం ప్రతిబింబించే అద్దం మీదికి పంపితే, అటూ ఇటూ ఉన్న రెండు గ్రాహకాలు ఒకేసారి మోగడం, తరంగ సిద్ధాంతం అనుమతించే కనీస సంఖ్య కంటే బాగా తక్కువసార్లు జరిగింది. అయితే ఇదే అద్దం మీదికి లేజర్ కాంతిని ఎంత మసకబార్చి పంపినా ఆ కొరత కనిపించదు. అటువంటి ప్రయోగానికి అర్ధ సంప్రదాయ పద్ధతి కూడా సరైన జవాబే ఇస్తుంది, అదీ తక్కువ శ్రమతో.